తొలి లాప్‌టాప్: కొనుటకు ముందటి నెల

పశువుల సంతకు పోయిన రైతు కోడె మెడలోని గంటలను చూచి ధర కట్టడు. నోరు తెరచి పళ్లు చూచును. నాలుగడుగులు నడిపించును. మూపు తడిమి, గిట్టలెత్తి చూచి, అమ్మువాని మాటలను వినీ విననట్లుండి, దూరముగా పోయి చెట్టు నీడను నిలిచి మరల ఒకసారి చూచును. ఆ దినమున బేరము కుదరకున్నను అతనికి చింత లేదు. కొనుటకు ముందటి ఈ విచారణయందు ఒక సుఖము కలదు. అది ఎడ్ల సంతలతోనే అంతరించిపోలేదు. లాప్‌టాప్ అను యంత్రమును తొలిసారి కొనబోవు ఇంటివారికి ఆ సుఖము నేడును చేతికందునంత దూరముననే యున్నది. చాలమంది దానిని అందుకొనకయే డబ్బు చెల్లించి వచ్చుచున్నారు.

2025 మే నెలలో బీర్కూరునుండి మాకు ఫోను వచ్చినది. బీర్కూరు బాన్సువాడకు సమీపమున, మంజీర చేరువను, నేటి కామారెడ్డి జిల్లాలోనున్న మండల కేంద్రము. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడువరకు నిజామాబాదు జిల్లాలోనిది. 1931లో పూర్తియైన నిజాంసాగరు నీటితో వరి పండు నేల. అక్కడ మా అక్కగారి కుటుంబము వ్యవసాయము చేయుచున్నది. మేనకోడలు ఇంటరు ముగించి ఇంజనీరింగులో చేరబోవుచుండెను. యాసంగి వడ్ల డబ్బు చేతికి వచ్చినది. బావగారు చెప్పినది రెండే మాటలు: “పిల్లకు లాప్‌టాప్ కొనాలె. ఏది కొనాల్నో నువ్వు చెప్పు.”

ఆ డబ్బు ఎంతటిదో ముందుగా చెప్పుట న్యాయము. 2024-25 సంవత్సరమునకు సాధారణ రకము వడ్లకు కేంద్ర ప్రభుత్వము నిర్ణయించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. యాబది వేల రూపాయల యంత్రమనగా దాదాపు ఇరువదిరెండు క్వింటాళ్ల వడ్లు. విత్తనము, ఎరువు, నాటు కూలి, కోత యంత్రపు బాడుగ తీసివేయకముందటి లెక్క ఇది. ఒక ఎకరపు పంట ఒక చేతిసంచిలో ఇంటికి వచ్చుచున్నదని అనుకొనవచ్చును. అందుచేతనే కాబోలు, ఫోనులో వెనుకనుండి పెద్దమ్మగారు, అనగా బావగారి తల్లి, అడిగిన ప్రశ్న మాకు అన్నిటికంటె సూటిగా తోచినది. “అది ఎన్నేండ్లు నడుస్తది?” అని ఆమె అడిగినది.

ఆ ప్రశ్నకు దుకాణపు చీటీలలో సమాధానము లేదు. యంత్రమునకు అంటించిన చీటీపై ప్రాసెసరు పేరు, మెమరీ యెంతయో, నిలువ స్థలమెంతయో, తెర ఎన్ని అంగుళములో ఉండును. ఇవి యన్నియు వేగమునకు సంబంధించిన అంకెలు. కట్టుబడికి సంబంధించిన అంకె ఒక్కటియు లేదు. ఎడ్ల అంగడిలో కోడె బరువును మాత్రము పలకపై వ్రాసి, గిట్టలు చూడనీయకుండుట వంటిదే ఇది. అందుచేత మేము యంత్రము పేరు చెప్పలేదు. ఒక నెల గడువు అడిగితిమి. మేనకోడలిని ఒక నోటుపుస్తకము తీసికొమ్మంటిమి.

పేరు చెప్పకపోవుటకు ఇంకొక కారణము కూడ కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట మేమును ఒక యంత్రమును కొంటిమి. తేలికయైనది, కత్తి అంచువలె పలుచనైనది. కంటికి ఇంపుగా నుండినందున ఒక్క సాయంకాలములోనే కొనివేసితిమి. పదునెనిమిది నెలలకు ఒకనాడు మూత తెరచునప్పుడు పటుక్కుమని శబ్దమైనది. ఎడమవైపు మడతబందు క్రింది పెట్టెనుండి ఊడి, తెర అంచును చీల్చుకొని పైకి లేచినది. మరమ్మతు చేయునతడు పెట్టె విప్పి చూపించెను. మడతబందును బిగించు మరమేకులు చిన్న ఇత్తడి గుండీలలోనికి ఎక్కును. ఆ గుండీలు ప్లాస్టిక్కులో వేడిచేసి ఒత్తబడి యుండును. మడతబందు బిగువుగా నున్నది, దానిని పట్టియుంచవలసిన ప్లాస్టిక్కు పలుచగా నున్నది. తెరచిన ప్రతిసారియు గుండీ కొంచెము కొంచెముగా కదలి, తుదకు ప్లాస్టిక్కును ఊడబెరుకుకొని వచ్చినది. తలుపు బాగున్నది, మడతబందు బాగున్నది, ద్వారబంధము పుచ్చినది. ప్రాసెసరు మాత్రము నిక్షేపముగా నుండెను. వేగమునకు చెల్లించిన డబ్బంతయు ఆ రెండు గుండీల చేతిలో నున్నదని మాకు అప్పుడు తెలిసినది.

ఆలోచించి చూచినచో లాప్‌టాప్ అనునది మడతబందుతోనే పుట్టినది. 1972లో ఆలన్ కే అను అమెరికా శాస్త్రజ్ఞుడు పుస్తకమువలె చేతబట్టుకొని తిరుగదగిన కంప్యూటరును ఊహించి ఒక వ్యాసము వ్రాసెను. దానికి ‘డైనాబుక్’ అని పేరు పెట్టెను. విశేషమేమనగా, అతడు దానిని ఉద్యోగులకై కాక పిల్లలకై ఊహించెను. 1981లో వచ్చిన ఆస్బోర్న్ యంత్రము మోయదగినదని పేరేగాని సుమారు పదకొండు కిలోల బరువు. దానిలో బ్యాటరీ లేదు. కుట్టుమిషను పెట్టెవలె నుండెడిది. మరుసటి సంవత్సరము, 1982లో, గ్రిడ్ కంపాస్ అనునది వచ్చినది. బిల్ మోగ్రిడ్జ్ అను ఆంగ్లేయుడు దానికి రూపకల్పన చేసెను. తెర మూతవలె కీబోర్డుపై మడతపడుట అందు కనబడును. పెట్టె మెగ్నీషియము లోహముతో చేయబడినది, ధర 8,150 డాలర్లు. అమెరికా అంతరిక్ష నౌకలలో కూడ అది ప్రయాణము చేసినది. 1992లో ఐ.బి.యం. సంస్థ థింక్‌ప్యాడ్ పేరుతో నల్లని యంత్రమును తెచ్చినది. రిచర్డ్ సాపర్ అను రూపశిల్పి జపాను దేశపు భోజనపు పెట్టెను మనసునందుంచుకొని దానిని తీర్చెను: పైకి నిరాడంబరము, తెరచిన తరువాతనే లోపలి సంగతులు. నాటి ధరలు సామాన్యుని కందునవి కావు. ధర దిగివచ్చినకొలది యంత్రము అందరిదైనది. అయితే ధర తగ్గించుటకై మొదట పలుచబడినది లోపలి ప్రాసెసరు కాదు, దానిని మోయు ఒడలు.

బీర్కూరు పరిసరములలో లాప్‌టాప్ ఇప్పుడు కొత్త వస్తువేమియు కాదు. 2008లో బాసరలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడి, గ్రామీణ పాఠశాలలనుండి పదవ తరగతి ముగించిన పిల్లలను చేర్చుకొని వారికి లాప్‌టాపులు ఇచ్చినది. మా అక్కగారి వాడకట్టులో మొట్టమొదట కనబడిన లాప్‌టాప్ అట్లు సెలవులకు వచ్చినదే. కాని ఇచ్చినదానిని వాడుకొనుట వేరు, డెబ్బది దుకాణములలో ఒకటి ఎన్నుకొని తెచ్చుకొనుట వేరు.

నోటుపుస్తకములో మేనకోడలు మొదటి వారము వ్రాసినదంతయు అంకెలే. పదునేడు యంత్రముల పేర్లు, వాని ధరలు, ప్రాసెసరుల సంఖ్యలు. ఒకే ప్రాసెసరు నలుబది వేల యంత్రములోను అరువది వేల యంత్రములోను ఉండుట చూచి ఆమె తికమక పడినది. “ఇరవై వేలు ఎక్కడికి పోయినై మామా?” అని అడిగినది. ఆమె విచారణ నిజముగా అక్కడ ప్రారంభమైనది.

ఆ ఇరువది వేలను వెదకుటకు మేము ఆమెకొక దారి చూపితిమి. పెద్ద తయారీదారులు, ముఖ్యముగా కార్యాలయములకు అమ్ము తరగతి యంత్రములకు, మరమ్మతు గ్రంథములను ప్రకటింతురు. మరమ్మతు చేయువారికై వ్రాసినవే యైనను ఎవరైనను ఉచితముగా దింపుకొని చదువుకొనవచ్చును. వెనుక పలక విప్పుటకు ఎన్ని మరమేకులు, బ్యాటరీ తీయుటకు ఎన్ని, మెమరీ పలక మార్చవచ్చునా, పంకాను తుడుచుటకు ఎంతవరకు విప్పవలెను, కీబోర్డు విడిగా దొరకునా, అన్నియు బొమ్మలతో అందుండును. మా చిన్నతనమున ఇంటి పాత వాల్వు రేడియో వెనుక అట్ట విప్పినచో లోపల ఏ వాల్వు ఎక్కడ నుండవలెనో తెలుపు పటము అంటించి యుండెడిది. ఆ పటము అర్థము కాకపోయినను చూచుటయే ఒక వేడుక. ఆ వేడుక ఇప్పుడు ఈ గ్రంథములలో దొరకుచున్నది.

రాత్రి పది దాటిన తరువాత ఫోను. “మామా, దీనికి మెమరీ బోర్డుకే అతికేసిండ్రు!” పదునేడు పేర్లలో మొదటిది ఆ విధముగా కొట్టివేయబడినది. మెమరీని బోర్డుకు అతికివేయుట తప్పని మేము అనము. దానివలన యంత్రము పలుచనగును, విద్యుత్తు కొంత ఆదా యగును. కాని ఎనిమిది గిగాబైట్ల మెమరీతో మొదలుపెట్టి నాలుగేండ్లు చదువవలసిన విద్యార్థికి అది బంధనము. విడిగా గాడి యున్నచో రెండేండ్లకు డబ్బు చేతికి వచ్చినప్పుడు ఇంకొక పలక పెట్టుకొనవచ్చును. ఇల్లు కట్టునాడే ప్రక్కగదికి తలుపు వాటము విడిచియుంచుట వంటిది. మొదటనే పదునారు గిగాబైట్లున్న యంత్రమును కొనుట మంచిదే, చేతిలో డబ్బున్నచో. నిలువకు వాడు సాలిడ్ స్టేట్ పలక మాత్రము చాల యంత్రములలో మార్చుకొన వీలైనదే. దానినిగూర్చి ఎక్కువ ఆలోచింప నక్కరలేదు.

మూడవ వారమునకు పుస్తకములో ప్రశ్నల స్వభావమే మారినది. “వేగము ఎంత?” అనునది వెనుకకు పోయి, “మడతబందు దేనికి బిగించినారు?” అనునది ముందుకు వచ్చినది. విప్పి చూపిన చిత్రములను పరిశీలించి, మడతబందు లోహపు పలకకు బిగించిన యంత్రములకు ఆమె ఒక చుక్క పెట్టినది. వట్టి ప్లాస్టిక్కునకు బిగించినవానికి చుక్క లేదు. పెట్టె అల్యూమినియమా, మెగ్నీషియమా, ప్లాస్టిక్కా అనుదానికంటె ఇది ముఖ్యమైనది. అల్యూమినియమన్నంతనే గట్టిదని, ప్లాస్టిక్కన్నంతనే నాసియని అనుకొనుట పొరపాటు. పలుచని అల్యూమినియపు రేకు ఒక దెబ్బకు సొట్టపడి అట్లే యుండిపోవును. మందముగా పోతపోసి లోపల పక్కటెముకలవంటి గీతలు వేసిన మంచి ప్లాస్టిక్కు వంగి మరల యథాస్థితికి వచ్చును. లోహపు పెట్టెకు మరియొక చిక్కు కలదు. ఇంటి ప్లగ్గునకు ఎర్తు తీగ సరిగా లేనిచో కొన్ని యంత్రములు ఛార్జి యగునప్పుడు చేతికి జిమ్మని తగులును. అది సాధారణముగా ప్రాణాపాయము కాదు గాని, గోడలోని తీగలను చూపించుకొమ్మని చెప్పు హెచ్చరిక. ఈ మాట విని బావగారు యంత్రము రాకముందే ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తు సరిచేయించిరి. విచారణవలన ఇంటికి జరిగిన మొదటి మేలు అది.

సైన్యపు ప్రమాణమునకు నిలిచినదను ప్రకటన నొకదానిని ఆమె ఎఱ్ఱసిరాతో వ్రాసికొన్నది. ఆ ప్రమాణము పేరు మిల్-స్టాండర్డ్-810. అది అమెరికా రక్షణశాఖవారి పరీక్షా పద్ధతుల సంపుటము, 1962లో మొదట వెలువడినది. అందు వేడి, చలి, ధూళి, తేమ, అదురు, క్రిందపడుట మొదలైన అనేక పరీక్షలు కలవు. వానిలో ఏవి, ఎంత తీవ్రముగా చేయవలెనో తయారీదారు తానే ఎన్నుకొనవచ్చును. సైన్యము వచ్చి ముద్ర వేయదు. కావున ఆ మాట చూచినప్పుడు “ఏయే పరీక్షలు?” అని అడుగవలెను. పరీక్షల పట్టికను విప్పి చెప్పు తయారీదారుని నమ్మవచ్చును. పేరు మాత్రము వ్రాసి ఊరుకొన్నవాని మాటను సంతలోని గంటల చప్పుడుగా భావింపవచ్చును.

ధూళి మాట వచ్చినది గనుక చెప్పుచున్నాము. వరి కోతల కాలమున బీర్కూరువంటి ఊళ్లలో గాలినిండ నుసి యుండును. లాప్‌టాప్ క్రిందినుండి గాలి పీల్చి ప్రక్కనుండియో వెనుకనుండియో వేడిని వదలును. నుసి పంకా రెక్కలకును, వేడిని వెడలించు రాగి అల్యూమినియము రెక్కలకును పట్టి జంపకానావలె పేరుకొనును. యంత్రము వేడెక్కి, తన్ను కాపాడుకొనుటకై తానే వేగము తగ్గించుకొనును. ఇంటివారు యంత్రము ముసలిదైనదని తలతురు. వెనుక పలక సులువుగా ఊడు యంత్రమైనచో ఏడాదికొకసారి తుడిచి మరల పెట్టవచ్చును. పేరు ఒడిదే యైనను దీనిని ఒడిలోను, పరుపుమీదను పెట్టి పనిచేయుట మంచిది కాదు. బట్ట క్రింది రంధ్రములను మూసివేయును. చిన్న చెక్కబల్ల చాలును.

బ్యాటరీనిగూర్చి ప్రకటనలలో గంటలు వ్రాయుదురు. ఆ గంటలను విడిచి వాట్-అవర్లను చూడవలెను. యాబది వాట్-అవర్ల బ్యాటరీ గల యంత్రము పది వాట్లు వాడుచున్నచో అయిదు గంటలు వచ్చును. ఇది చంటిపిల్లవాడును చేయగల భాగహారము. 1991లో మార్కెట్టునకు వచ్చిన లిథియము అయాన్ బ్యాటరీయే ఈ యంత్రములను ఒడిలోనికి తెచ్చినది; దానిని తీర్చిన గుడినఫ్, విట్టింగ్‌హాం, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. ఎంత గొప్పదైనను కొన్ని వందల పర్యాయములు ఛార్జి యైన తరువాత అది క్షీణించును. అందుచేత మార్చుటకు వీలైనది కావలెను. తెర విషయమున ఒక్క మాట: వెలుగును నిట్లలో కొలుతురు. రెండువందల యాబది నిట్ల తెర గదిలో బాగుండును, అరుగుమీద పగటిపూట అద్దమువలె ముఖము చూపించును. మూడువందలకు తగ్గకున్న మేలు. చూచు కోణము మారినప్పుడు రంగులు తారుమారు కాకుండుటకు ఐ.పి.యస్. తరగతి తెర యుండవలెను.

కీబోర్డు దగ్గర మేము కొంచెము ఎక్కువ సేపు నిలిచితిమి. మా వృత్తి వ్రాతతో ముడిపడినది కదా. మీట ఎంత లోతు దిగునో, మధ్యలో ఒత్తినప్పుడు పలక కుంగునో లేదో వ్రేళ్లకే తెలియవలెను. తెలుగు వ్రాయుటకు వేరు యంత్రము అక్కరలేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంపుటియందే తెలుగు అక్షరములకు స్థానము లభించినది. భారతీయ భాషలన్నిటికి ఒకే వరుసను పాటించు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి అంతకుముందే 1980లలో రూపొందినది. అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వచ్చునట్లు కూర్చిన వరుస అది. ఒక పక్షము ఓపిక పట్టినచో చేతికి వచ్చును. మేనకోడలు ఆంగ్లాక్షరములతోనే తెలుగు కొట్టుచున్నది. ఆ వాదము మా యింట ఇంకను తెగలేదు.

ఇక వాడిన యంత్రముల సంగతి. పెద్ద కంపెనీలు మూడు నాలుగేండ్లు వాడి వదలివేసిన కార్యాలయపు యంత్రములు హైదరాబాదులో విరివిగా అమ్ముడగుచుండును. కొత్త నాసి యంత్రముకంటె పాత గట్టి యంత్రము మేలని చెప్పువారు కలరు. మేమును చాలవరకు ఆ పక్షమే. కాని ఒక గడువు చూచుకొనవలెను. మైక్రోసాఫ్టువారు విండోస్ 10నకు సామాన్య మద్దతును 2025 అక్టోబరు 14తో నిలిపివేసిరి. విండోస్ 11నకు ఇంటెల్ ఎనిమిదవ తరమో ఆ తరువాతిదో అయిన ప్రాసెసరు, టి.పి.యం. 2.0 అను రక్షణ భాగము కావలెను. అంతకు పూర్వపు యంత్రము లైనక్సు వాడువారికి పనికివచ్చును, కళాశాలవారు విండోసే కావలెనన్నచో చిక్కు. ఇట్టి యంత్రమొకటి కూడ పుస్తకములో చివరివరకు నిలిచియుండెను. బ్యాటరీ ఎంత అరిగినదో అమ్మువాడు చెప్పలేనందున దానిని విడిచిపెట్టితిమి.

జూన్ మొదటి వారమున తండ్రీకూతుళ్లు సికిందరాబాదు వచ్చిరి. పార్క్‌లేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటరు దుకాణములకు ప్రసిద్ధము. మెట్లెక్కినది మొదలు పిలుపులే. పుస్తకములో అప్పటికి మిగిలినవి మూడు పేర్లు. బావగారికి అంకెలతో పరిచయము లేదు. అయితే మొదటి దుకాణములో ఆయన చేసిన పని మాకు ముచ్చట గొలిపినది. యంత్రమును బల్లమీద నుంచి, ఒక్క వ్రేలితో మూత ఎత్తిరి. క్రింది పెట్టె దానితోపాటు లేచినదా లేదా చూచిరి. తెర పై అంచును పట్టి కొంచెము ఊపి, ఎన్నిసార్లు ఊగి నిలిచినదో చూచిరి. తరువాత రెండు చేతులతో పెట్టె మూలలను పట్టి, కోడె మూపును తడిమినట్లే, మెల్లగా మెలిపెట్టిరి. ఒకటి కిర్రుమన్నది. “ఇది వద్దు” అనిరి. ఆ యంత్రమునకు పుస్తకములో చుక్క లేదు. మేనకోడలు పుస్తకము తెరచి తండ్రికి చూపించినది. దుకాణదారు మాత్రము సంచి ఉచితము, మౌసు ఉచితము అనుచునే యుండెను.

మిగిలినవి రెండు. ఒకటి కిలో మూడువందల గ్రాములు, వెండి రంగు, మెమరీ అతికినది. రెండవది కిలో ఆరువందలకు పైన, బొగ్గు రంగు, మెమరీకి రెండు గాడులు, వెనుక పలకకు సామాన్యమైన మరమేకులు. ధరలో తేడా స్వల్పము. పేర్లు ఇక్కడ చెప్పుట లేదు. ఈ పుటలు వ్యాపార ప్రకటనలకు కావు, పైగా ఆరు నెలలలో ఆ సంఖ్యలు మారిపోవును. మేనకోడలి కన్ను ఒక్క క్షణము వెండి రంగుపై నిలిచినదని మేము చూచితిమి. పదునెనిమిదేండ్ల పిల్ల, అది సహజమే. తరువాత ఆమె అడిగిన ప్రశ్న దుకాణదారును తబ్బిబ్బు చేసినది: వారంటీ క్రింద మనిషి బీర్కూరు వరకు వచ్చునా, లేక మేమే నిజామాబాదు మోసికొనిపోవలెనా? అతడు తెలియదనెను. ఆమె ముందే రెండు కంపెనీల సేవాకేంద్రములకు ఫోను చేసి, తన ఊరి పిన్‌కోడు చెప్పి కనుగొని వ్రాసికొని యున్నది. బొగ్గు రంగు యంత్రమునకే మనిషి ఇంటికి వచ్చును. బేరము అక్కడ ముగిసినది.

డబ్బు చెల్లించుటకు ముందు కొన్ని చిన్న పనులు మిగిలినవి. పెట్టెపై సంఖ్య, యంత్రము క్రింది సంఖ్య, రసీదుపై సంఖ్య ఒక్కటేయని చూచితిమి. రసీదులో 18 శాతము జి.యస్.టి. విడిగా కనబడవలెను, లేనిచో రేపు వారంటీ అడుగుట కష్టము. భారతీయ ప్రమాణముల సంస్థవారి గుర్తు, దానితో ‘ఆర్’ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్య యంత్రముపైనను ఛార్జరుపైనను ఉండవలెను. 2012 నాటి కేంద్ర ప్రభుత్వపు ఉత్తరువువలన వీనికి ఆ నమోదు విధియైనది. ఛార్జరుపై 100 నుండి 240 వోల్టులవరకు పుచ్చుకొనునని వ్రాసియున్నది. సాయంకాలము వోల్టేజి పడిపోవు ఊళ్లకు అది ధైర్యము. దుకాణములోనే తెరచి, తెల్లని పుట నొకటి పెట్టి, తెరపై చచ్చిన చుక్క లేవియు లేవని చూచుటకు అయిదు నిమిషములు పట్టినది. పెద్దమ్మగారి కొరకు ఫోటో తీసి పంపిరి.

యంత్రము బీర్కూరు చేరిన సాయంకాలము పెద్దమ్మగారు దానిని తాకి చూచి మరల అదే ప్రశ్న వేసిరట. మేనకోడలు ఈసారి ఫోను మాకు చేయలేదు. పుస్తకము తెచ్చి, బ్యాటరీ మూడేండ్లకో నాలుగేండ్లకో మార్చవలసి యుండునని, మెమరీ రెండవ యేట పెంచవచ్చునని, పంకాను ప్రతి సంక్రాంతికి తుడువవలెనని లెక్క చెప్పి, “ఆరేండ్లు నడిపిస్త నాయినమ్మా” అన్నదట. నడచునని కాక నడిపింతునని అన్నది.

ఇప్పుడా నోటుపుస్తకము ఆమె దగ్గర లేదు. ప్రక్క వీధిలోని ఒక అబ్బాయి పాలిటెక్నిక్కులో చేరుచు దానిని తీసికొనిపోయెను. పదునేడు పేర్లలో సగము యంత్రములు దుకాణములలో ఇప్పుడు దొరకవు. అతడు వానిని కొట్టివేసి క్రొత్తవి వ్రాసికొనుచున్నాడు. ప్రశ్నల పుట మాత్రము అట్లే యుంచుకొనెనట. దాని క్రింద అతడు చేర్చిన ప్రశ్న యొకటి మాకు తట్టనే లేదు: ఎడమచేతివాటమువానికి గాలి రంధ్రము ఏ ప్రక్క నుండవలెను? వేడిగాలి ఎడమప్రక్కనుండి వచ్చు యంత్రములలో ఎడమచేత మౌసు పట్టువాని వ్రేళ్లు వేసవిలో ఉడికిపోవును. అతడు వెదకుచున్నాడు.